విత్తనమా? పొలమా? ఆటగాని ఎంపికలో శిక్షకుని పాత్ర

రేడియోలో ఫుట్‌బాల్ ఆట వ్యాఖ్యానము వినునప్పుడు గోలు వేసినవాని పేరు పదిసార్లు వినవచ్చును. ఆ బంతిని అట్లు తన్నుట అతనికి నేర్పినవాని పేరు ఒక్కసారియైనను వినబడుట అరుదు. వినువారికి ఇది పెద్ద లోపముగా తోచదు. కాని ఆటగాండ్రను ఎన్నుకొనువారికి మాత్రము ఇది నిత్యమైన చిక్కు. వారి యెదుట ఒక యువకుడు ఆడుచుండును. అతని ఆటలో సహజశక్తి ఎంత? గురువు పెట్టిన మెరుగు ఎంత? రేపు మరియొక గురువు చేతిలో పడినచో అతడు ఏమగును? ఈ మూడు ప్రశ్నలకును వారు ఒక్క చూపుతో సమాధానము చెప్పవలసియుండును. వీనిని విడదీయలేకపోవుట వలన గొప్ప ఆటగాండ్రు మూలబడిన సందర్భములును, సామాన్యులు అందలమెక్కిన సందర్భములును క్రీడాచరిత్రలో అనేకము కలవు.

ఇది దూరదేశపు గొడవ అని తలపరాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పిల్లలు హకీంపేట క్రీడాపాఠశాలలోను, కరీంనగరులోని ప్రాంతీయ క్రీడాపాఠశాలలోను 4వ తరగతి ప్రవేశము కోరి ఎంపికలకు పోవుచుందురు. అచట మండల, జిల్లా, రాష్ట్ర స్థాయిలలో పరీక్షలు జరుగును. పిల్లవాని ఎత్తు, బరువు చూచెదరు. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, అటునిటు తిరుగు షటిల్ పరుగు, నిలిచిన చోటి నుండి ముందునకును పైకిని దుముకుట, మెడిసిన్ బంతి విసరుట, వంగి అందుకొనుట మొదలైనవి చేయించి మార్కులు వేసెదరు. తొమ్మిది పదియేండ్ల పిల్లవాని ముందు బ్రతుకులో ఒక పెద్ద మలుపు ఆ కొద్ది నిమిషములలో తేలిపోవును. ఎంపిక కాని పిల్లవాని తండ్రి ఇంటికి వచ్చి, "మా పిల్లగానికి ఆట రాదట" అని ఒక్క మాటతో తేల్చివేయును. ఆ మాట నిజమేనా అనునదియే ఇచట మనము విచారింపవలసిన విషయము.

ఈ విషయమును మిక్కిలి లోతుగా చర్చించినవారు అమెరికా దేశీయులు. అచట ఫుట్‌బాల్ అని పిలువబడునది మన ఫుట్‌బాల్ కాదు. అది కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తుచు, విసరుచు ఆడు ఆట. ఆ ఆటలో 32 వృత్తిజట్లు కలవు. కళాశాలలలో ఆడి పేరు తెచ్చుకొనిన యువకులను ఈ జట్లు ఏటికొకసారి వరుసగా ఎన్నుకొనును. దీనికి డ్రాఫ్ట్ అని పేరు. 1936లో మొదలైన ఈ పద్ధతికి మూలమైన నియమమొకటి కలదు. గడచిన ఏడు అందరికంటె వెనుకబడిన జట్టుకు మొదటి వంతు. విజేతకు చివరి వంతు. జట్లు తమ వంతులను ఇచ్చిపుచ్చుకొనవచ్చును గాని మూలనియమము ఇదియే. బలహీనునికి బలము చేకూర్చుట దీని ఉద్దేశము. మన దేశమున ఇండియన్ సూపర్ లీగు కూడ 2017 జూలైలో ముంబైలో డ్రాఫ్టు జరిపి ఆటగాండ్రను జట్లకు పంచెను.

ఉద్దేశము మంచిదే. కాని అందులో దాగిన చిక్కును గమనింపుడు. ఒక జట్టు అందరికంటె వెనుకబడుటకు కారణమేమి? ఆటగాండ్రు చాలకపోవుట ఒక కారణము. శిక్షణ సరిగా లేకపోవుట మరియొక కారణము. రెండవదే నిజమైనచో ఫలితమేమి? ఆ సంవత్సరపు అందరికంటె మంచి విత్తనము పోయి అందరికంటె చౌడు పొలములో పడును. మొలక సరిగా రాకున్నచో జనులు విత్తనమును నిందింతురు. "మొదట ఎన్నుకొన్నవాడు పనికిరాకపోయెను" అందురు. పొలమును తవ్వి చూచువారు తక్కువ.

దీనికి 2005వ సంవత్సరపు డ్రాఫ్టు చక్కని ఉదాహరణము. ఆ ఏడు శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు మొదటి వంతున అలెక్స్ స్మిత్ అను యువకుని ఎన్నుకొనెను. అతడు క్వార్టర్‌బ్యాక్, అనగా బంతిని విసరి జట్టును నడుపు స్థానమున ఆడువాడు. మొదటి ఏడు ఆటకాలములలో అతని జట్టు దాడి విభాగమునకు ఏడుగురు శిక్షకులు మారిరి. ఒకరు నేర్పిన పాఠము ఒంటబట్టక మునుపే మరియొకరు వచ్చి పలక తుడిచివేసిరి. అతడు విఫలుడని పేరు పడెను. 2011లో జిమ్ హార్బా ప్రధాన శిక్షకుడుగా వచ్చెను. ఆ ఏడు అదే స్మిత్ నడిపిన జట్టు 16 ఆటలలో 13 గెలిచెను. పిల్లవాడు అతడే, మారినది పొలము.

అదే డ్రాఫ్టులో 24వ వంతున గ్రీన్‌బే జట్టు ఎన్నుకొన్న ఆరన్ రాడ్జర్స్ కథ ఇందుకు భిన్నమైనది. అతనిని వెంటనే బరిలోకి దింపలేదు. అనుభవశాలియైన బ్రెట్ ఫావ్రు వెనుక మూడు ఆటకాలములు కూర్చుండి చూచుచు, అభ్యాసము చేయుచు గడపెను. 2008లో జట్టు పగ్గములు అతని చేతికి వచ్చెను. 2011 ఫిబ్రవరిలో ఆ జట్టు దేశవిజేత ఆయెను. మొదటివాడు 24వ స్థానమునకును, 24వ వాడు మొదటి స్థానమునకును పోయియున్నచో ఏమి జరిగెడిది? ఎవ్వరును చెప్పజాలరు. చెప్పజాలకుండుటయే ఇందలి పాఠము. మనము కొలుచుచున్నది ఆటగాని మాత్రమే కాదు, ఆటగాడును శిక్షకుడును కలిసిన జంటను.

కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అను పండితులు ఈ డ్రాఫ్టును లెక్కలతో పరిశీలించి 2013లో ఒక వ్యాసము ప్రకటించిరి. థేలర్ 2017లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందినవాడు. ఒకే స్థానమున ఆడువారిలో ముందు ఎన్నుకొనబడినవాడు, అతని తరువాత ఎన్నుకొనబడినవానికంటె మెరుగని తేలిన సందర్భములు నూటికి 52 మాత్రమే అని వారి లెక్క చెప్పుచున్నది. బొమ్మాబొరుసుకంటె ఇది రెండాకులు మాత్రమే ఎక్కువ. ఎన్నుకొనువారు తెలివిలేనివారని దీనికి అర్థము కాదు. వారు చూడగలిగినది తక్కువ. చూచితిమని నమ్మినది ఎక్కువ. గాయములు, అదృష్టము, తరువాత లభించు శిక్షణ మున్నగునవి ఎంపికనాడు కంటికి కనబడవు.

శిక్షణ ఈ ఎంపికలో మూడు చోట్ల ప్రవేశించును.

మొదటిది, ఎంపికకు ముందు. మంచి గురువు వద్ద మూడేండ్లు నేర్చినవాడు ఎంపికనాడు తళతళ మెరయును. గురువు లేక వీధిలో ఆడుకొన్నవాడు తడబడును. ఇద్దరికిని సమానమైన మార్కులు వచ్చినచో ఎవరిలో ముందుకు పోవు అవకాశము ఎక్కువ? తరచుగా రెండవవానిలో. మొదటివాడు తనకు అందిన శిక్షణనంతయు ఇదివరకే వాడుకొనియున్నాడు. రెండవవానికి అది ఇంకను మిగిలియున్నది. షటిల్ పరుగులో గీత వద్ద ఎట్లు వంగి తిరుగవలెనో నెలరోజులు నేర్చిన పిల్లవాడు, కాలిలో అంతకంటె వేగము కలిగియు ఆ కిటుకు తెలియని పిల్లవానిని ఓడించును. ఆ పరీక్ష పిల్లవానిని కొలిచినదా, వాని వ్యాయామోపాధ్యాయుని కొలిచినదా?

రెండవది, ఎంపిక సమయము. ప్రతి శిక్షకునికిని తన ఆటతీరు ఒకటి యుండును. ఆ తీరునకు ఒదిగినవాడు అతని కంటికి గొప్పవాడుగా కనబడును. పొట్టివాడగుటచే ఒక జట్టు త్రోసివేసిన వానిని చిన్న పాసులతో ఆడు మరియొక జట్టు కోరి తీసికొనును. కనుక "వీడు ఎంతవాడు" అను ప్రశ్న సగము ప్రశ్న మాత్రమే. "ఏ ఆటకు, ఏ స్థానమున, ఎవరి చేతిలో" అనునది మిగిలిన సగము.

మూడవది, ఎంపిక తరువాత. దీనిని గూర్చి తెలిసికొనుటకు మనము అమెరికా పోనక్కరలేదు. హైదరాబాదునకు వచ్చిన చాలును.

సయ్యద్ అబ్దుల్ రహీంగారు 1909లో హైదరాబాదున జన్మించిరి. వృత్తిచే ఉపాధ్యాయులు. వారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచెను. భారతజట్టు శిక్షకులుగా వారు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు సాధించిరి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టు నాలుగవ స్థానమున నిలిచెను. 1963 జూన్‌లో వారు క్యాన్సర్ వ్యాధితో మరణించిరి. వారి జీవితమును ఆధారముగా చేసికొని తీసిన ‘మైదాన్’ అను హిందీ చిత్రము 2024లో విడుదలయ్యెను.

రహీంగారు పిల్లలను చూచు తీరు విలక్షణమైనది. వారు విచిత్రమైన పోటీలు ఏర్పాటు చేసెడివారు. ఒక పోటీలో ఆటగాడు తన వాటముగాని కాలితోనే బంతిని తన్నవలెను. మరియొక పోటీలో బంతిని తన వద్దనే ఉంచుకొని డ్రిబ్లింగు చేయరాదు. ఇవి మంచి అభ్యాసములు. అంతేకాక మంచి పరీక్షలు కూడ. కుడికాలితో ఇదివరకే నేర్చిన విద్య ఎడమకాలికి వచ్చునప్పటికి మాయమగును. అందరును మొదటి మెట్టుమీద నిలిచెదరు. అప్పుడు ఎవడు త్వరగా నేర్చుకొనుచున్నాడో కనబడును. పాత గురువు పెట్టిన మెరుగును తుడిచివేసి, లోపలి లోహమును చూచుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు.

సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం బీదకుటుంబమువాడు. ఆ కుర్రవానిలోని శక్తిని గుర్తించిన రహీంగారు, అభ్యాసమునకు హైదరాబాదు వచ్చిపోవుటకు సైకిలు అద్దె తామే ఇచ్చిరని ప్రసిద్ధి. బలరాం 1956-57లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాదు జట్టులో ఆడెను. రెండు ఒలింపిక్స్‌లలో దేశము తరఫున ఆడెను. 1962 స్వర్ణపతక జట్టులో ఉండెను. 2023 ఫిబ్రవరిలో మరణించెను. ఆనాడు ఎంపిక చేసి ఊరకుండినచో, ఆ కుర్రవాడు సైకిలు అద్దె లేక ఇంటనే నిలిచిపోయెడివాడేమో. అప్పుడు లోకము, "బలరాం అభ్యాసమునకు రానివాడు, శ్రద్ధ లేనివాడు" అని వ్రాసికొనెడిది. ఎంపిక ఎంత సరియైనదైనను, దాని వెనుక ఆదుకొను చేయి లేనిచో ఎంపికయే తప్పని తేలును.

స్థానమును మార్చుట వలన వెల మారుటకు కూడ ఆ తరములోనే సాక్ష్యము కలదు. హైదరాబాదున పుట్టిన పీటర్ తంగరాజ్ మద్రాసు రెజిమెంటులో మొదట సెంటర్ ఫార్వర్డుగా ఆడి, తరువాత గోల్ కీపరుగా మారెను. ఆ మార్పు జరుగక పోయినచో దేశమునకు గొప్ప గోల్ కీపరు దక్కెడివాడు కాడు. 1962 జకార్తాలో జర్నైల్ సింగ్ అను రక్షకునికి తలకు గాయమై కుట్లు పడెను. వెనుక నిలువవలసిన వానిని రహీంగారు ముందువరుసకు పంపిరి. అతడు సెమీఫైనలులో ఒకటి, దక్షిణ కొరియాతో జరిగిన ఫైనలులో ఒకటి గోలు వేసెను. ఫైనలులో మొదటి గోలు పి.కె. బెనర్జీది. భారతజట్టు 2-1తో గెలిచెను. జర్నైల్ సింగును రక్షకుడుగా మాత్రమే తూచిన కాటాకు ఈ బరువు తెలియదు.

ఇంతవరకు చదివినవారు, "అట్లయిన సర్వము శిక్షకునిదేనా?" అని అడుగవచ్చును. కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారతజట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడెను. అప్పుడును శిక్షకులు రహీంగారే. మనవారిలో పెక్కురు వట్టికాళ్లతో ఆడిరి. గురువు గొప్పవాడైనను బూట్లు, చలి, ఎదుటి జట్టు బలము అనునవి గురువు మాట వినవు. రహీంగారి మరణానంతరము 1966 ఆసియా క్రీడలలో మన జట్టు మొదటి దశలోనే వెనుదిరిగెను. 1960 తరువాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనకు చోటు దక్కలేదు. గురువు లేని లోటు ఇందులో కలదు. ఇతర ఆసియాదేశములు ముందుకు పోవుటయు కలదు. రెండింటిని కలిపి ఒకదాని ఖాతాలో వ్రాయుట న్యాయము కాదు.

మరి విత్తనమును పొలమును వేరుచేసి చూచుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము జగిత్యాలవారికి ఇంటి ముంగిటనే కలదు. జగిత్యాల చెంత పొలాసలోని వ్యవసాయ పరిశోధనాస్థానము నుండి జగిత్యాల సన్నాలు, పొలాస ప్రభ వంటి వరి వంగడములు వెలువడినవి. ఒక వంగడమును రైతునకు ఇచ్చుటకు ముందు శాస్త్రజ్ఞులు ఏమి చేయుదురు? ఒక్క మడిలో వేసి, పండినచో మంచిదని, పండకున్నచో చెడ్డదని తీర్పు చెప్పరు. ఒకే విత్తనమును వేరువేరు ఊళ్లలో, వేరువేరు నేలలలో, వేరువేరు సంవత్సరములలో వేసి చూతురు. ఒకే మడిలో ప్రక్కప్రక్కన పలు విత్తనములు వేసి చూతురు. అన్ని నేలలలోను పండినది విత్తనపు గుణము. ఏ విత్తనము వేసినను పండించినది నేల గుణము.

ఆటలోను పద్ధతి ఇదియే. ఒకే ఆటగాడు పలువురు శిక్షకుల క్రింద ఎట్లు ఆడెనో చూడవలెను. ఒకే శిక్షకుని క్రింద పలువురు ఆటగాండ్రు ఎట్లు మారిరో చూడవలెను. అమెరికాలో టామ్ బ్రేడీ 2000వ సంవత్సరమున 199వ వాడుగా ఎన్నుకొనబడెను. బిల్ బెలిచిక్ అను శిక్షకుని క్రింద అతని జట్టు ఆరుసార్లు సూపర్ బౌల్ గెలిచెను. గొప్పతనము ఎవరిదని ఇరువది ఏండ్లు వాదములు జరిగెను. 2020లో బ్రేడీ మరియొక జట్టుకు పోయి, మరియొక శిక్షకుని క్రింద ఆ ఆటకాలమునందే ఏడవసారి గెలిచెను. అతడు లేని బెలిచిక్ మిగిలిన నాలుగు ఆటకాలములలో మరల అంతటి విజయము చూడలేదు. విత్తనము వేరుపొలములోను పండినదని అప్పుడు తేలెను.

దీనికి ఎదురైన ఉదాహరణము మన హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు. 2019లో ఏర్పడిన ఆ జట్టు తొలి ఆటకాలమున ఇండియన్ సూపర్ లీగులో అట్టడుగున నిలిచెను. 2020లో స్పెయిన్ దేశీయుడైన మనోలో మార్క్వెజ్ శిక్షకుడుగా వచ్చి, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి యువకులకు నమ్మి అవకాశమిచ్చెను. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనలులో కేరళ జట్టుతో 1-1గా ముగిసిన ఆటను పెనాల్టీలలో గెలిచి ఆ జట్టు విజేత ఆయెను. గోల్ కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపెను. ఒకే మడిలో పలు విత్తనములు ఒక్కసారి పచ్చబడినప్పుడు నేలను మెచ్చుకొనుట ధర్మము.

ఇక మన ఊళ్లలో ఎంపికలు జరుపువారికిని, పిల్లలను పంపు తల్లిదండ్రులకును ఈ విచారణ వలన కలుగు ప్రయోజనమేమి?

పిల్లవానికి మార్కు వేయుటకు ముందు, "ఎవరి వద్ద నేర్చితివి? ఎన్నాళ్లు నేర్చితివి?" అని అడుగవలెను. ఆ సమాధానము లేని మార్కు సగము మార్కు. వీలైనచోట ఒక్కనాటి పరీక్షతో సరిపెట్టక, పరీక్షించి, నాలుగురోజులు నేర్పి, మరల పరీక్షింపవలెను. మొదటి పరీక్ష పిల్లవాడు ఎచట నున్నాడో చెప్పును. రెండు పరీక్షల నడిమి తేడా వాడు ఎచటికి పోగలడో చెప్పును. పుట్టిన నెలను కూడ గమనింపవలెను. ఒకే తరగతి పిల్లలలో పది నెలలు పెద్దవాడు ఎత్తుగా, బలముగా ఉండుట సహజము. దానిని ప్రతిభ అని భ్రమపడుట ఫుట్‌బాల్ లోకమంతట కనిపెట్టబడిన పొరపాటు. ఒక స్థానమున తేలిపోయినవానిని మరియొక స్థానమున నిలిపి చూడవలెను. నిజామాబాదు జిల్లా తండా నుండి వచ్చిన గుగులోత్ సౌమ్య మొదట పరుగుపందెముల పిల్ల. ఫుట్‌బాల్ వైపు మరలి భారత మహిళాజట్టులో స్థానము సంపాదించి, 2024-25 సంవత్సరమునకు దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎన్నికయ్యెను. ఆ తండా కోరుట్లకు ప్రక్కజిల్లాలోనిదే.

తల్లిదండ్రులకు చెప్పవలసినది ఒక్కటే. ఎంపిక కాకపోవుట పిల్లవాని మీద తీర్పు కాదు. అది ఆనాటివరకు వానికి అందిన శిక్షణ మీద తీర్పు కూడ. ఆ రెండింటిలో రెండవదానిని మార్చుట మన చేతిలోని పని. పాఠశాలకు ఒక వ్యాయామోపాధ్యాయుడు, ఆడుటకు ఒక చదునైన స్థలము, సాయంకాలము ఒక గంట తీరిక, ఇవి సమకూర్చి చూచిన తరువాత గదా ఆట వచ్చునో రాదో తెలియుట!

సిరిసిల్లలో సాంచెల మీద పనిచేయువారికి ఈ మాట క్రొత్తది కాదు. ఒకే రకపు నూలు ఒక సాంచె మీద సాఫీగా నడచి, మరియొకదాని మీద మాటిమాటికి తెగుచుండును. అనుభవము గల కార్మికుడు నూలును తిట్టుటకు ముందు సాంచెను ఒకసారి తడవి చూచును. మన పిల్లల విషయమునను ఆపాటి ఓర్పు వహించుట న్యాయము.